రెండు చిన్న గీతలు

మా ఆఫీసులో ఆవిడను అందరూ తాళాలక్క అంటారు. తాళం వేశాక లాగి చూడటం ఎవరైనా చేసేదే. ఈవిడ మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి, ఇంకోసారి లాగుతుంది. తన నీడను కూడా నమ్మని మనిషి. అలాగని చెడ్డదేం కాదు, మరిదికి ఇక్కడ ఉద్యోగం ఇప్పించింది ఆవిడే.

మేము కంప్యూటర్ ప్రోగ్రాములను ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు తయారుచేస్తాం. అక్క మార్క్‌డౌన్‌లో, అంటే మామూలు అక్షరాలకు నాలుగు గుర్తులు తగిలించి, రాస్తుంది. దాన్ని పేజీలుగా మార్చే పని మరిదిది.

ఒకరోజు కస్టమర్ల ఫోన్లు మొదలయ్యాయి. పుస్తకంలో ఉన్నట్టే కమాండ్ కొడితే పనిచెయ్యడం లేదట. అక్క చూసుకుంది. కమాండ్లో తను పక్కపక్కన పెట్టిన రెండు చిన్న గీతల బదులు పేజీలో ఒకటే పొడుగు గీత ఉంది. నిటారుగా కొట్టిన కొటేషన్ గుర్తులు వంకర తిరిగాయి.

"ఎవరో నా రాతలో చెయ్యి పెడుతున్నారు," అంది నాతో.

"ఎవరు పెడతారక్కా?"

"ఆ ఫైళ్ళ పాస్‌వర్డ్ తెలిసింది నాకూ మా మరిదికీ. నేనైతే పెట్టలేదు."

అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. ఇంటి మనిషే కదా, పిలిచి అడగొచ్చు. అడగకుండా నేరుగా ఓనరు గదిలోకి వెళ్ళింది. సాయంత్రానికల్లా మరిదిని రేపటి నుంచి రావద్దన్నారు. అతను వదిన వైపు ఒకసారి చూసి, సంచి తీసుకుని వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు అక్క పాస్‌వర్డ్ మార్చి, కొత్త ఫైల్లో రెండు గీతలు కొట్టి, పేజీగా మార్చే బటన్ నొక్కింది. పొడుగు గీతే వచ్చింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే. ఇద్దరం కలిసి సెట్టింగులు వెతికాం. గీతలనీ కొటేషన్లనీ అచ్చు పుస్తకంలో లాగా దిద్దే ఎక్స్‌టెన్షన్, అంటే అదనపు ప్రోగ్రాము, ఒకటి కొత్త వెర్షన్‌తో దానంతట అదే వచ్చి కూర్చుంది. మామూలు వాక్యాల్లో దాని పనితనం ముచ్చటగానే ఉంది. కమాండ్లను, ఉన్నదున్నట్టు ఉంచమని చెప్పే కోడ్ గుర్తుల మధ్య పెడితే వాటి జోలికి రాదు. ఆ గుర్తులు పెట్టనిది అక్కే.

"వాడి పొట్ట కొట్టాను కదే!" అంటూ కుర్చీలో కూలబడింది.

ఓనరును ఆవిడే బతిమాలుకుంది. సోమవారం మరిది వచ్చాడు. రాగానే తన బల్ల ఈడ్చి, స్క్రీన్‌ను వదిన వైపు తిప్పాడు.

"మీకు సరిగ్గా కనిపిస్తోందా, వదినగారూ?"

మొన్నటిదాకా నోరారా "నువ్వు" అని పిలిచినవాడు. అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అటు తిప్పుకో నాయనా, నేను చూడను," అంది.

అతను తిప్పలేదు.