బురదలో దొరికిన ఇనుప టోపీ

వనపర్తి మార్కెట్ చివర చేపలమ్మే ఆమె, గంప అడుగున మిగిలిన నీళ్ళను మొన్న నా కాళ్ళ దగ్గరే వంపేసింది. నేను చేపలు కొనడానికి రాలేదు, అయినా అక్కడే నిలబడిపోయాను. నీసు వాసన కింద ఇంకో వాసన తగిలింది. ఏడాది పొడుగునా నీటి అడుగున మగ్గి, ఎండాకాలంలో నది వెనక్కి జరిగినప్పుడు బయటపడి, పైన పెంకులు పెంకులుగా పగిలి లోపల మాత్రం పచ్చిగా ఉండే నల్లటి ఒండ్రు వాసన అది. నేను పుట్టిన ఊరు ఆ ఒండ్రు కిందే ఉంది.

ప్రాజెక్టు కట్టి కృష్ణను ఆపినప్పుడు కొల్లాపూర్ వైపు ఒడ్డున మునిగిన ఊళ్ళలో మాదొకటి. నాకు బుద్ధి తెలిసేసరికే మేము వీపనగండ్ల అవతల ఎర్రచెలకల నడుమ, అన్నీ ఒకే తీరుగా ఉన్న రేకుల ఇళ్ళ కాలనీలో ఉండేవాళ్ళం. నది ఒడ్డున నల్లరేగడి దున్నిన మా నాన్నకు ఆ రాళ్ళ నేలలో ఏం చేయాలో తోచక, అమ్మను తీసుకుని మేస్త్రి వెంట ఎక్కడెక్కడి కాలువ పనులకో వెళ్ళిపోయేవాడు. ఉగాదికి వచ్చేవారు. అమ్మ పండుగకు పప్పూ బెల్లంతో బక్షాలు చేసి, తను వెళ్ళాక తినమని ఇంకొన్ని గుడ్డలో కట్టి ఉట్టిలో పెట్టి పోయేది. నేను రోజూ కొంచెం కొంచెం తుంచుకుని, అవి ఎండి అట్టలైనా దాచుకుని, చివరి ముక్క తినేశాక ఇక అమ్మ నిజంగా వెళ్ళిపోయిందని అరుగు మీద కూర్చుని ఏడ్చేదాన్ని. ఇంట్లో మిగిలేది నేనూ తాతా. కాలనీ పిల్లల్లో చాలామంది వాళ్ళ అమ్మానాన్నలతో పాటే పోయేవాళ్ళు కాబట్టి, మట్టిలో గుంటలు చేసి చింతగింజలతో ఓనగుంటలు ఆడాలంటే ఇటూ నేనే, అటూ నేనే. గెలిచినదాన్నీ నేనే, ఓడి అలిగినదాన్నీ నేనే.

మామిడికాయలు పండే రోజులకు నది బాగా తగ్గేది. అప్పుడు తాత జొన్నరొట్టెలూ ఉల్లిగడ్డా కారం మూటగట్టి, నన్ను వెంటేసుకుని మునిగిన ఊరికి బయల్దేరేవాడు. అక్కడ ఇళ్ళంటూ లేవు, మోకాలి ఎత్తు గోడలు, వాటి మధ్య సందులు, ఆకు లేని నల్లటి మోడులు మాత్రమే ఉండేవి. తాత మాత్రం తలుపులన్నీ ఉన్నట్టే నడిచేవాడు. ఎవరి వాకిలి దగ్గరికి వస్తే వాళ్ళ పేరు చెప్పేవాడు, మా ఇంటి ముందు చెప్పులు విప్పేవాడు. పనికొచ్చే బండరాయో దూలం ముక్కో దొరికితే ఏరుకొచ్చేవాళ్ళం.

అట్లా ఒక వేసవిలో, ఊరి కింది వాడలో కూలిన గోడ రాళ్ళు తీస్తుంటే తాత గడ్డపార కణేల్‌మంది. గోడ లోపల, రెండు రాళ్ళ వరసల మధ్య బోర్లించి మట్టితో పూడ్చినదేదో ఉంది. బయటికి లాగితే ఇనుప టోపీ. తుప్పు పొరలు పొరలుగా లేస్తోంది, అంచున ఒకచోట సొట్ట, లోపలి తోలు చేత్తో తాకగానే పిండిగా రాలిపోయింది. నేను దాన్ని గంజి గిన్నె అనుకున్నాను. తాత మాత్రం ఆ గోడ వైపూ టోపీ వైపూ మార్చి మార్చి చూసి, మట్టిలోనే కూలబడ్డాడు.

"ఇది సవారన్న ఇల్లు బిడ్డా," అన్నాడు. "జర్మనోని లడాయికి పోయినోడు. పోలే అనుకున్నం మేమంత."

తిరుగుదారిలో ఆ సంగతి చెప్పాడు. సవారన్న మా పొలాల్లో కూలి చేసిన కిరస్తానీ ఇంటి కొడుకు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఊరు విడిచి పోయి, ఏళ్ళు గడిచాక చిక్కి శల్యమై తిరిగొచ్చాడు. బర్మా అడవుల్లో ఉన్నానని, సిపాయినని చెప్తే ఎవరూ నమ్మలేదు. బొంబాయిలో ఏ మిల్లులోనో పనిచేసి వచ్చి గొప్పలు పోతున్నాడనుకున్నారు. గుర్తుగా ఏం తెచ్చావని అడిగితే ఇనుప టోపీ తెచ్చానన్నాడు. చూపించమంటే ఇంట్లో కనబడటం లేదన్నాడు. ఒకనాడు తన ఇంటి నేలంతా తవ్వేశాడు. ఊరంతా నిలబడి చూసి నవ్వింది. ఆ తర్వాత పంటల పనులు అయిపోగానే ఎటో వెళ్ళి, మళ్ళీ పనుల కాలానికి వచ్చేవాడు. ఎక్కడికంటే చెప్పేవాడు కాదు. ఊరు మునిగాక ఎటు పోయాడో ఎవరికీ తెలియదు.

ఆ టోపీని వాకిట్లో పెట్టుకుని తాత కొన్ని రోజులు ఊరికే చూశాడు. కోళ్ళకు నీళ్ళు పోయడానికి తీయబోతే నా చేతిలోంచి లాక్కున్నాడు. తర్వాత కొల్లాపూర్ సంతకు వెళ్ళి, మా పాత ఊరివాళ్ళు కనబడితే చాలు సవారన్న జాడ అడగడం మొదలుపెట్టాడు. మామిడిపండ్ల గంప ముందు కూర్చున్న ఒక ముసలామె, అతని చెల్లెలు నాగర్‌కర్నూల్లో ఉంటుందని చెప్పింది. టోపీని సంచిలో వేసుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బస్సెక్కాడు తాత. ఆ చెల్లెలు మమ్మల్ని చూసి మంచం వాల్చి, చల్ల ఇచ్చి, అన్న సంగతి ఎత్తగానే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"గద్వాల బస్టాండుల నీళ్ళు పోస్తుండు. ఇంటికి రమ్మంటె రాడు. క్రిస్మస్‌కొచ్చి మొగం చూపిచ్చి పోతడు. ఆడ ఏమున్నదో, ఏం కథనో నాకైతె తెల్వదు పటేలా."

మర్నాడే గద్వాలకు పోయాం. ఎండ మాడుస్తోంది. బస్టాండు మూలన వరసగా పెట్టిన కుండల పక్కన, తలకు తువాలు చుట్టుకుని, పొడవాటి పిడి ఉన్న చెంబుతో ప్రయాణికుల దోసిళ్ళలోకి నీళ్ళు వంపుతున్న సన్నటి ముసలాయన కనబడ్డాడు. తాత ఎదురుగా నిలబడితే ముందు నీళ్ళే పోయబోయాడు. తర్వాత చెంబు కిందికి దించాడు.

"పటేలా?" అన్నాడు.

మా భూమంతా నీళ్ళపాలయ్యాక తాతను ఆ పిలుపుతో పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. తాత సంచిలోంచి టోపీ తీసి అతని చేతుల్లో పెట్టాడు.

సవారన్న దాన్ని తిప్పి చూశాడు. అంచున సొట్ట దగ్గర బొటనవేలు పెట్టి, చాలాసేపు అలాగే ఉంచాడు. అతను సంతోషిస్తాడని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను నేను.

"గిది నాది గాదు పటేలా," అన్నాడు.

"మరి ఎవరిది?"

"ఈరప్పది. కన్నడపోడు. నా పక్కన్నే ఉండె. ఇద్దరికి ఒకటే జొరం తగిలింది, నేను బతికిన, ఆడు సచ్చిపోయిండు. సచ్చేముందల, మాయవ్వకు ఇది ఇయ్యి అని ఆడు చెప్పిండు. పక్కబట్టల దాసుకొని తెచ్చిన. సచ్చినోని సొమ్ము కండ్ల ముందల ఉండొద్దని నన్ను గన్న అవ్వ దీన్ని యాడనో దాసింది. నేను కూలికి పోయిన్నాడు పానం ఇడిసింది. ఏడ దాసిందో చెప్పనే లేదు."

"మరి ఆయన ఇంటోళ్ళకు జెప్పినవా?"

సవారన్న తల అడ్డంగా ఊపాడు. "ఊరి పేరు చెప్పిండు పటేలా. రోజు చెప్తుండె. మా ఊరు గట్ల, మా ఊరు గిట్ల అని. ఆ జొరంల నాకు అదొక్కటే యాది లేకుంట పోయింది. రాయచూరు దిక్కు, ఏటి ఒడ్డు. అంతే తెల్సు. పనుల్లేనప్పుడల్ల ఆ ఊర్లన్ని తిరిగిన. ఇప్పుడు కాళ్ళు వస్తలేవు. అందుకే ఈడ ఉన్న. రాయచూరు బస్సు దిగినోళ్ళను అడుగుత."

అంటుండగానే ఒక బస్సు వచ్చి ఆగింది. అతను టోపీని కుండల వెనక జాగ్రత్తగా పెట్టి, చెంబు ముంచుకుని లేచాడు. దిగిన ఒక పెద్దాయనకు నీళ్ళు పోస్తూ కన్నడంలో ఏదో అడిగాడు. ఆ పెద్దాయన తాగి, మూతి తుడుచుకుని, లేదన్నట్టు చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. సవారన్న ఇంకొకరి వైపు తిరిగాడు. మేము బస్సెక్కేదాకా అతను అలా అడుగుతూనే ఉన్నాడు.

కాలనీకి చేరాక తాత కాళ్ళు కూడా కడుక్కోకుండా నన్ను చేయి పట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. "సవారన్న అబద్ధం చెప్పలే. నిజంగనే లడాయికి పోయిండు. ఆ టోపీ దొరికింది," అని ఒక్కొక్క వాకిట్లో నిలబడి చెప్పాడు. సగం ఇళ్ళకు తాళాలున్నాయి. ఆనాడు నవ్వినవాళ్ళు కొందరు చనిపోయారు, కొందరు ఏ ఊళ్ళో మట్టి మోస్తున్నారో తెలియదు. ఉన్నవాళ్ళలో కుర్రవాళ్ళు తాతను వింతగా చూసి, సవారన్న ఎవరని అడిగారు. చివరి ఇంటి ముందు తాళం వేసిన తలుపుకే ఆ మాట చెప్పి, వెనక్కి తిరిగాడు తాత.

తర్వాత తాత పోయాడు. నేను చదువుకుని దవాఖానలో నర్సునయ్యాను. చాలా ఏళ్ళకు సవారన్న మేనల్లుడు కలిస్తే, ఆయన గద్వాలలోనే కన్నుమూశాడనీ, టోపీని సమాధి మీద సిలువ పక్కన పెట్టామనీ చెప్పాడు. వెళ్ళి చూస్తే సిలువ ఉంది, టోపీ లేదు. పాత ఇనుము ఏరుకునేవాళ్ళెవరో తీసుకుపోయి ఉంటారు. బస్టాండులో నీళ్ళ కుండలూ లేవు, సీసాలు అమ్ముతున్నారు.

ఎందుకు వెళ్ళానో నాకే తెలియదు గానీ, పోయిన ఎండాకాలం సెలవు పెట్టి, రాయచూరు వైపు ఏటి ఒడ్డు ఊళ్ళలో కొన్ని తిరిగాను. యుద్ధానికి పోయి తిరిగిరాని ఈరప్ప ఇల్లు ఎక్కడని అడిగాను. ప్రతి ఊళ్ళోనూ ఈరప్పలున్నారు. అలాంటి ఈరప్ప మాత్రం ఎవరికీ గుర్తులేడు. చివరికి ఒక ఇంటి అరుగు మీద కూర్చున్న పండు ముసలమ్మ నాకు మంచినీళ్ళిచ్చి, కన్నడ యాస కలిసిన తెలుగులో అడిగింది.

"ఆయన నీకు ఏం గావాలమ్మా?"

నోటికి వచ్చిన మాటే చెప్పాను.

"మా ఊరాయన."

"యా ఊరు?"

చెప్పాను. నీళ్ళలో మునిగిన మా ఊరి పేరే. అట్లాంటి ఊరు ఈ చుట్టుపక్కల ఎక్కడా లేదే తల్లీ, అంది.