డి డ్రైవ్ లేని కంప్యూటర్

నేను పనిచేసేది హిందీ మాట్లాడే ఊళ్ళో, ఒక ఫ్యాక్టరీ టెస్టింగ్ ల్యాబ్‌లో. ఉక్కు ముక్కల్ని విరిగేదాకా లాగి, ఎంత బలానికి విరిగాయో చూస్తాం. ఆ రీడింగులన్నీ కంప్యూటర్లోకి చేరతాయి. వాటిని రోజూ చేత్తో సర్దలేక విండోస్‌లో నడిచే స్క్రిప్టులు రాసుకున్నాను. ఒక్కసారి నొక్కితే పాత ఫైళ్ళు తుడిచి, కొత్తవి పేర్చి, రిపోర్టు తయారుచేసేవి.

ల్యాబ్ కంప్యూటర్లన్నిటినీ మా సెక్షన్ హెడ్ విండోస్ నుంచి లినక్స్‌కి మార్పించాడు. ఆయన కూడా తెలుగువాడే, ఊళ్ళోనే సిద్ధగోరాలో ఇల్లు. అందరితో హిందీలో ఎంతో మర్యాదగా మాట్లాడేవాడు. నన్ను తిట్టాలంటే మాత్రం తెలుగులోకి దిగేవాడు, ముఖం మీద నవ్వు చెదరకుండా. మేమేవో ఇంటి సంగతులు చెప్పుకుంటున్నామని పక్కవాళ్ళు అనుకునేవారు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

"సార్, ఇవి విండోస్ కోసం రాసినవి. ఇక్కడ నడవవు. మళ్ళీ రాయడానికి వారం కావాలి" అన్నాను.

"వారం ఏటి? ఫైలంటే ఫైలే కదా. పని సెయ్యడం ఇష్టం లేదని సెప్పు" అన్నాడు నవ్వుతూనే.

విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి వేయించి, అందులో నడపమన్నాడు. నేను ఒప్పుకోలేదు.

"నా స్క్రిప్టు ముందు డి డ్రైవ్‌లో పాత ఫైళ్ళున్న ఫోల్డర్‌కి వెళ్తుంది. అక్కడున్నవన్నీ తుడిచేస్తుంది. ఇందులో డి డ్రైవే లేదు సార్. అక్కడికి పోలేకపోతే ఉన్నచోటే, అంటే కొత్త రీడింగులున్న చోటే తుడిచేస్తుంది."

"నాకు పాఠాలు సెప్తన్నావా?"

మర్నాడు మా అత్తగారిని కంటి డాక్టరుకు చూపించి మధ్యాహ్నం ల్యాబ్‌కి వెళ్ళాను. నేను లేనప్పుడు ఆయనే స్క్రిప్టు నడిపేశాడు. పొద్దుటి రీడింగులన్నీ పోయాయి. విరిగిన ముక్కను మళ్ళీ విరిచి కొలవలేం. రిపోర్టు లేక, ఆ ఉక్కు సరుకు వెళ్ళాల్సిన లారీలు గేటు లోపలే నిలబడిపోయాయి.

పెద్ద మేనేజరు వచ్చాడు. ల్యాబ్ మొత్తం చుట్టూ నిలబడింది. "మేడమ్ కీ స్క్రిప్ట్ మే గల్తీ థీ" అన్నాడు మా హెడ్. తప్పు నా స్క్రిప్టుదట! వెంటనే నావైపు తిరిగి, అదే నవ్వుతో, మెల్లగా తెలుగులో అన్నాడు: "నోరు మూసుకుని ఉండు. మాటాడేవంటే ఇక్కడెలా పంజేత్తావో నేనూ సూత్తాను."

ఆ మాటల్ని పొల్లు పోకుండా హిందీలోకి మార్చి, అందరికీ వినబడేలా చెప్పాను. "సార్ ఇప్పుడు నాతో అన్నది ఇదీ" అని కూడా హిందీలోనే చెప్పాను. ఆయన నవ్వు మొదటిసారి పోయింది. తర్వాత కంప్యూటర్ తెరిచి, స్క్రిప్టు ఎవరి లాగిన్‌తో నడిచిందో చూపించాను.

పెద్ద మేనేజరు ఆయన్ని ఒక్క మాటా అనలేదు. కొత్త స్క్రిప్టులకు ఎంతకాలం పడుతుందని నన్నడిగాడు. వారం అన్నాను. సరేనన్నాడు. కొత్త ముక్కలు కోయించి టెస్టులన్నీ మళ్ళీ చేశాం. లినక్స్ కోసం స్క్రిప్టులు మొదటినుంచీ రాశాను. ఈసారి ఫోల్డర్ దొరక్కపోతే అక్కడే ఆగిపోయేలా రాశాను. అవి ఇప్పటికీ నడుస్తున్నాయి. ఆయన ఇప్పటికీ మా హెడ్డే. నాతో తెలుగు మానేశాడు. అవసరమైతే హిందీలో "మేడమ్" అంటాడు, ఉమ్మేసినట్టు.

ఈమధ్య ఊళ్ళోనే జుగ్సలాయిలో తెలిసినవాళ్ళ పెళ్ళి భోజనాల్లో ఆయన భార్య నా పక్కన కూర్చుంది.

"పదిమందిలో మావారి పరువు తీసేవంట. అంత అవసరం ఏటొచ్చింది నీకు?"

"నేను ఆయన మాటలే చెప్పాను వదినా. సొంతంగా ఒక్క మాట కలపలేదు."

ఆవిడ లేచి వేరే బంతిలోకి వెళ్ళిపోయింది. నేను పప్పు మళ్ళీ వడ్డించమని అడిగి భోజనం పూర్తిచేశాను.