మా ఆఫీసుకి క్రీ ఆవిడ వచ్చింది

కెనడాలోని రెజైనాలో నేను పనిచేసే ప్రభుత్వ ఆఫీసులో ఒక ఉద్యోగాన్ని ఆదివాసులకే కేటాయించారు. అందులోకి క్రీ జాతికి చెందిన ఒకావిడ వచ్చింది. నా ఈడుదే. నెమ్మదిగా మాట్లాడేది. మాట పూర్తయ్యాక కూడా కాసేపు కిటికీవైపు చూస్తూ ఉండిపోయేది.

ఆ వారం మా ఇంటికి భోజనానికి వచ్చిన తెలుగాయన ఆ మాటే ఎత్తాడు.

"ఆ పోస్టుకి మా ఆవిడ అప్లై చేద్దామనుకుందండీ. మనవాళ్ళు ఎలిజిబుల్ కాదంట. ఇక్కడ కూడా రిజర్వేషనేనా?"

"మా అమ్మ టీచరైంది రిజర్వేషన్‌లోనేనండీ," అన్నాను.

ఆయన పప్పు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

చలికాలంలో క్రీ ఆవిడా నేనూ పనిమీద ఉత్తరాన ఒక చిన్న ఊరికి బయల్దేరాం. ఆమె డ్రైవ్ చేస్తోంది. పొగమంచులో నేలకూ ఆకాశానికీ మధ్య గీత చెరిగిపోయింది. కంచె తీగలకు తెల్లగా మంచు పూసింది. కారు కదులుతోందో, నేలే మా కింద నుంచి జారిపోతోందో తెలియడం లేదు. నాకు కళ్ళు మూతలు పడుతున్నాయి.

"నేను కోటాలో వచ్చానని వెనకాల అనుకుంటున్నారు కదా?" అందామె ఉన్నట్టుండి.

"అనుకుంటున్నారు," అన్నాను. అబద్ధమాడబుద్ధి కాలేదు. మా అమ్మ సంగతి చెప్పాను. బడిలో టీచర్లు అమ్మ గ్లాసు విడిగా పెట్టేవాళ్ళనీ, అమ్మ దాన్ని తళతళా తోమి రోజూ అందరి గ్లాసుల మధ్యే పెట్టి వచ్చేదనీ.

ఆమె కారు వేగం కాస్త తగ్గించింది. తర్వాత అంది:

"మా అమ్మమ్మ వాళ్ళమ్మ మావాళ్ళకి గీసిచ్చిన రిజర్వు భూమి దాటి బయటికి రావాలంటే ప్రభుత్వ అధికారి పర్మిషన్ ఇవ్వాల్సొచ్చేది. నేను ప్రభుత్వ కారే నడుపుతున్నా."

ఇద్దరం నవ్వాం. అద్దాల మీద మా ఊపిరి ఆవిరై నిలిచింది.

ఆ ఊరి ఆఫీసులో ఒక ముసలాయన తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఎవరు పిలిచినా లోపలికి రాలేదు. ఆమె వెళ్ళి క్రీలో ఏదో పలకరించింది. ఆయన చేతి తొడుగులు తీసేసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా మాట్లాడుతూనే ఉన్నాడు.

వసంతంలో ఆమె ఆ ఊరికే ట్రాన్స్‌ఫర్ అడిగి వెళ్ళింది. ఇప్పుడా ఆఫీసుకు పెద్ద ఆమే.

వేసవిలో నన్ను పిలిచి సరస్సుకు తీసుకెళ్ళింది. ఒడ్డున కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చున్నాం. దూరంగా ఏదో పక్షి పాడి, ఆగి, మళ్ళీ పాడింది. వాళ్ళ భాషలో నీళ్ళను నిపీ అంటారట. మా మాట చెప్పాను.

"నీళ్ళు," అంది, ళ దగ్గర తడబడి, మళ్ళీ ప్రయత్నిస్తూ.