నాదీ అమ్ముతున్నానని చెప్పాను

ఫైనాన్షియల్ ప్లానర్ అని అచ్చయిన విజిటింగ్ కార్డు చేతికొచ్చిన రోజు ఎంత మురిసిపోయానో తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే ఒళ్లు మండుతుంది. ప్లానర్ లేదు, నా బొంద లేదు. కొత్తగూడలో చెప్పుల షాపు మీద మా ఆఫీసు. మేం చేసేది బీమా పాలసీలు అంటగట్టడం.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. మా బాస్ కోస్తా ఆయన. "సాఫ్ట్‌వేర్ వాళ్ల ముందు ఆ ఏందీ గీందీ వద్దండి" అని నా నోరు కుట్టేశాడు. తరవాత నార్సింగి వైపు జాగాలున్న స్థానికుల మీద ఆయన కన్ను పడింది. "మీ యాసలోనే మాట్లాడండి, మనోడే అనుకుంటారు" అన్నాడు. చెడామడా తిట్టాల్సింది. తలూపాను.

మొదట నాకు దొరికింది మా ఆఫీసు కారు నడిపే డ్రైవరే. నార్సింగిలోనే పుట్టాడు. తండ్రి ఇచ్చిన రెండు వందల గజాల జాగా తప్ప ఇంకేమీ లేదు. రెండేళ్లలో అందులో ఇల్లు కట్టి కిరాయి బతుకు వదిలించుకోవాలని ఆశ. బంద్ రోజు రోడ్డు మీద వంటావార్పు పెడితే ఇద్దరం పక్కపక్కన కూర్చుని పప్పన్నం తిన్నాం. జై తెలంగాణ అని గొంతులు పోయేలా అరిచాం.

ఆ వారంలోనే కారులో మొదలుపెట్టాను. "తెలంగాణ వస్తే కంపెనీలన్నీ బెంగళూరు పోతయ్. నీ జాగ అడిగేటోడు ఉండడు. ఇప్పుడే అమ్మి పాలసీల వెయ్యి."

అతను బండి పక్కకు ఆపాడు. "ఏందన్నా గట్లంటవ్? మరి తెలంగాణ రావద్దా?"

"రావాలె. గని నువ్వు ఆగం గావద్దు గద."

ఆ మాట నేనే నమ్మలేదు. అతనూ తేల్చలేదు. క్లయింటు జంకితే 'నేనూ అదే చేస్తున్నా' అనాలని ఆఫీసులో నేర్పారు. అన్నాను. "మియాపూర్ల నా జాగ గూడ అమ్ముతున్న."

పచ్చి అబద్ధం. అతని ముఖం తేటపడింది. "నువ్వే అమ్ముతుంటే ఇగ నాకేం ఫికర్ అన్నా."

నష్టం ఎంతవరకు ఓర్చుకోగలరు, డబ్బు ఎన్నేళ్లు కదపకుండా ఉంచగలరు అని క్లయింటును అడిగి నింపాల్సిన ఇంగ్లీషు ఫారం ఒకటుంది. అతన్ని ఒక్క ప్రశ్నా అడగలేదు. పదిహేనేళ్లు ఆగగలడని నేనే టిక్కు పెట్టాను. జాగా అమ్మిన డబ్బంతా పాలసీలోకి పోయింది. నాకొచ్చిన కమీషన్‌తో మియాపూర్‌లో నా జాగాకు ప్రహరీ కట్టించుకున్నాను. సిగ్గులేని జన్మ!

రాష్ట్రం వస్తోందని తెలిసిన రోజు అతను లడ్డూల డబ్బాతో వచ్చి నన్ను వాటేసుకున్నాడు. "మంచిగ అమ్మిపిచ్చినవ్ అన్నా" అంటూ నా నోట్లో లడ్డూ కుక్కాడు. మింగాను.

భూముల ధరలు పడలేదు. నార్సింగిలో అయితే పట్టపగ్గాల్లేకుండా పెరిగాయి. అతను పాలసీ మధ్యలో తీసేస్తే కోతలన్నీ పోను కట్టినదాంట్లో సగమే చేతికొచ్చింది. అప్పటికి నేను ఇంకా పెద్ద ఆఫీసులో, ఇంకా పెద్ద కార్డుతో ఉన్నాను.

కొన్నేళ్లకు క్యాబ్ పిలిస్తే అతనే వచ్చాడు. కాలర్ పట్టుకుంటాడనుకున్నాను. పట్టుకున్నా బాగుండేది. అద్దంలోంచి చూసి, "పాపం, నీ జాగ గూడ పాయె గదన్నా. ఇద్దరం మునిగినం" అన్నాడు.

"ఆఁ, పాయె" అన్నాను.

మియాపూర్ డిపో దగ్గరే ఆపమన్నాను.

"ఈడనే ఉంటున్నవా?"

"ఆఁ. గీ సందుల, కిరాయికి."

డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "నీ తాన ఏం తీసుకుంటనన్నా. నువ్వు గూడ నా లెక్కనే అయినవ్."

అతని బండి కనుమరుగయ్యేదాకా నిలబడి, రెండు సందులు దాటి నా సొంత ఇంటి గేటు తీశాను.