బొంతకి రెండో మాత్ర

భయమంటే ఏమిటో మిషనక్కకి ఆ కుక్క వచ్చాకే తెలిసింది. అంతకుముందు ఆవిడ ఎవరికీ జంకిన మనిషి కాదు. ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని, కొలత తప్పిందని గొడవకొచ్చిన వాళ్ళని గుమ్మంలోనే నిలబెట్టి కడిగేసేది. అలాంటిదాన్ని ఒక కుక్క వణికించింది.

ఏదో బండి గుద్ది పోతే జంతువుల ఆశ్రమం వాళ్ళు దాన్ని బతికించి, "ఇల్లు దొరికేదాకా ఉంచండక్కా" అని ఈవిడకి అంటగట్టారు. గుడ్డముక్కల కుప్పలో దూరి పడుకుంటుందని బొంత అని పేరు పెట్టుకుంది. తలకి తగిలిన దెబ్బతో దానికి మూర్ఛలు, రోజూ పొద్దున ఒక మాత్ర వెయ్యాలి. అది నురగ కక్కుతూ కాళ్ళు కొట్టుకుంటుంటే అక్కకి ప్రాణం పోయి ప్రాణం వచ్చేది. ముచ్చటపడి తీసుకెళ్ళిన రెండు కుటుంబాలూ మొదటి మూర్ఛకే తిరిగి తెచ్చి పడేశాయి. నెలాఖరుకల్లా కుక్క ఉండకూడదని ఇంటి ఓనరు తెగేసి చెప్పాడు. ఆశ్రమంలో పెడదామంటే, "ఆ గుంపులో పడిపోతే చూసే దిక్కుండదు, అక్కడ ఇది బతకదు" అని డాక్టరమ్మ మొహం మీదే అనేసింది.

ఈ స్థితిలో, రిటైరైన లైన్‌మన్ ఒకాయన చూడ్డానికి వస్తానన్నాడు. మొగుడూ పెళ్ళాం కూడబలుక్కున్నారు.

"మూర్ఛ మాటెత్తకు. కాలు కుంటుతుందని చెప్పు, చాలు," అన్నాడు పెయింటరు మొగుడు.

"మరి మాత్రలో?"

"బలానికని చెబుదాం."

అబ్బ, ఏం బుర్ర! అయినా అక్క కాదనలేదు. అంత భయంలో ఉంది మరి.

ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. మాత్ర వేసినవాళ్ళు మిషను బల్ల అంచున సుద్దతో గీత గీయాలి. రెండోవాళ్ళు అది చూసి ఊరుకోవాలి. ఆవేళ అక్క పొద్దున్నే మాత్ర వేసి గీత గీసింది. ఆ తర్వాత, పెద్దమనిషి వస్తున్నాడు కదా అని ఇల్లంతా ఊడ్చి, బల్లని తడిగుడ్డతో తళతళలాడేలా తుడిచేసింది. పెయింటరు స్నానం చేసొచ్చి చూస్తే గీత లేదు. నేను చూడబట్టి సరిపోయింది అనుకుని, బ్రెడ్డుముక్కలో పెట్టి ఇంకో మాత్ర వేశాడు.

పెద్దాయన వచ్చేసరికి బొంత ఓ మూల పడి ఉంది.

"ఎంత బుద్ధిగా ఉందో! నాకు ఇలాంటి నెమ్మదైనదే కావాలమ్మా."

"నోట్లో నాలుక లేని పిల్లండీ బాబాయిగారూ," అంది అక్క. అంటూనే దానివైపు చూసింది. గొంతు వింటే తోకాడించే కుక్క చెవైనా కదపలేదు. లేవబోయి, తూలి, పెద్దాయన బూటు మీద తలపెట్టి వాలిపోయింది. ఇది మూర్ఛ కాదు. మూర్ఛ ఇలా ఉండదు. అక్క గిర్రున మొగుడి వైపు తిరిగింది.

"మీరుగానీ మాత్ర వేశారా?"

"వేశానుగా. గీత లేదు."

"అయ్యో! నేనూ వేశాను. రెండు మూర్ఛమాత్రలు మింగింది, చచ్చిపోతుందేమో!" అని కేకపెట్టింది అక్క. పెద్దాయన అక్కడే ఉన్నాడన్న సంగతే ఆవిడకి గుర్తు లేదు.

"ఊపిరి చూస్తూ కూర్చోండి. ఏమాత్రం తగ్గినా తీసుకొచ్చేయండి," అంది డాక్టరమ్మ ఫోన్లో. పెద్దాయన కాలు కదిపితే దాని తల నేలకి కొట్టుకుంటుంది. అందుకని అలాగే కింద కూలబడ్డాడు. ముగ్గురూ దాని డొక్కల మీద కళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. డొక్క పైకి లేవడం కాస్త ఆలస్యమైతే చాలు, అక్క దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. మధ్యాహ్నం వాలాక అది తలెత్తి నీళ్ళు తాగింది.

"నాకీ సంగతి చెప్పేదానివేనా?" అనడిగాడాయన.

"లేదండీ. మీరూ వద్దంటారని భయమేసింది," అని అక్క బావురుమంది.

ఆయన లేచి వెళ్ళిపోయాడు. ఇక ఆశ లేదనుకుంది అక్క. మర్నాడు మళ్ళీ గుమ్మంలో ఉన్నాడు. "కరెంటు స్తంభాలెక్కిన మనిషిని, నిన్న నాకే కాళ్ళు చల్లబడ్డాయి. అది పడిపోతే ఏం చెయ్యాలో నేర్పమ్మా," అన్నాడు. అంతా నేర్చుకుని బొంతని తీసుకెళ్ళాడు.

ఇల్లు దొరికిందన్న సంతోషం అక్కకి నిలవలేదు. ఫోను మోగితే చాలు, గతుక్కుమనేది. వారం తిరక్కుండానే ఆయన ఫోను రానే వచ్చింది.

"అమ్మాయ్, మూర్ఛ వచ్చింది."

"తీసుకొచ్చేస్తారా బాబాయిగారూ?"

"ఎక్కడికి? తగ్గి ఇప్పుడే పడుకుంది. నా చేతులే ఇంకా వణుకుతున్నాయి. కాసేపు ఫోను పెట్టెయ్యకు."