చుక్కల లెక్కకు పటాన్‌చెరు దాంక

పటాన్‌చెరుల సైన్స్ ఫేర్‌కు నా బిడ్డ లావణ్యను తీస్కొని పొద్దుగాల ఏడింటికి సంగారెడ్డి బస్టాండ్ల బస్సెక్కిన. మా మామ ముందే తేల్చి జెప్పిండు: "గెలిస్తే పట్నం హాస్టల్ల సదివిద్దం. లేకుంటే పదో తరగతి కాంగనే బంద్." రాత్రంత నాకు కంటి మీద కునుకు లేదు.

బిడ్డ ఫేర్ల పెట్టేది గెలాక్సీ బొమ్మ. ఆమెకు ఒక్కటే పరేషాన్. మన పాలపుంతల చుక్కలు పదివేల కోట్లని ఒక పుస్తకంల ఉన్నది, నలభై వేల కోట్లని ఇంకోదాంట్ల. "ఏది జెప్పాలెనమ్మా?" అని తొవ్వ పొడుగూత అడుగుడే. మాది గింజల దుకాణం. గిరాకికి రెండు రేట్లు జెప్పినమంటె మన మాట మీద నమ్మకం పోతది. "ఒక్కటే జెప్పు, గట్టిగ జెప్పు," అన్న.

ముందు సీట్ల టిఫిన్ డబ్బ పట్టుకున్న ఒకాయన ఎన్కకు మర్లి సూసిండు. పాశమైలారంల మందుల కంపెనీల పనట. "అమ్మ జెప్పింది కరెక్టే పాపా. మా సూపర్‌వైజర్ అడిగితె ఏదో ఒక లెక్క టక్కున జెప్తం. నీళ్లు నమిల్తె అయిపాయె!" అని నవ్వుకుంట ఇస్నాపూర్ల దిగిండు. మీరు గీ తొవ్వల పోతె ఆడ కిటికీ మూస్కోండ్రి, ఆ కంపెనీల మందుల వాసనకు కండ్లు మండుతయి.

పటాన్‌చెరుల దిగి హోటల్ల ఇడ్లి తీస్కుంటే బిడ్డ ముట్టలే.

పదకొండింటికి జడ్జి సారు మా బల్ల కాడికొచ్చిండు. "గెలాక్సీలో ఎన్ని నక్షత్రాలుంటాయమ్మా?"

"అన్నిట్ల ఒక్క తీరుగ ఉండయి సార్. చిన్నయాట్ల కొన్ని కోట్లు, పెద్దయాట్ల లక్ష కోట్లు దాటుతయి. మనదాంట్ల పదివేల కోట్ల నుంచి నలభై వేల కోట్ల దాంక."

ఒక్కటే జెప్పమన్న గదా అని నేను ఎన్కనుంచి సైగ జేసిన.

"అంత తేడానా? ఒక్క సంఖ్య చెప్పు."

"ఒక్కటి జెప్తె అబద్ధమైతది సార్. ఎవ్వరు లెక్కవెట్టలే. మా దుకాణంల జొన్నలు లెక్కవెట్టం, తూకమేస్తం. గట్లనే గెలాక్సీ బరువు అందాజ గట్టి, చుక్క బరువుతోని భాగిస్తరు. మసక చుక్కలు ఎన్నున్నయో తెల్వక తేడా వస్తది."

సారు తలూపి పక్క బల్లకు పోయిండు. మూడింటికి గెల్సినోళ్ల పేర్లు సదివిండ్రు. మా లావణ్య పేరు రాలే.

తిరుగు బస్సుల సీటు దొరికింది గని కూసున్న సుఖం లేదు. "నేను తప్పు జెప్పలేదమ్మా," అని బిడ్డ ఎక్కెక్కి ఏడ్సింది. కొంగుతోని కండ్లు తుడ్సిన. జిల్లా అంత తిరిగినా గిసొంటి నిజం మాట నేనెన్నడు ఇనలే.

పెండ్లయినకాంచి మామకు ఎదురు మాట్లాడి ఎరుగ. సంగారెడ్డి దగ్గర పడ్డది. బిడ్డ చెయ్యి గట్టిగ పట్టుకున్న.

"ఊకో బిడ్డా. నువ్వు పట్నం పోతవ్. తాతకు నేను జెప్త."