గీత పడిన రికార్డు

మీ తాత పోయి అప్పటికి ఏడు నెలలు, పిల్లలూ. ఆయన లేడన్న మాట నా నోటితో ఎవరికీ చెప్పలేదు. ఏడుపు కూడా రాలేదు.

డోర్నకల్‌లో వరంగల్ ప్యాసింజర్ ఎక్కితే, నా ఈడుదే ఒకామె పక్కన కూర్చుంది. తన మనవరాలు డౌన్‌లోడ్ చేసిచ్చిన పాత పాటలు ఫోన్లో పెట్టుకుని, తనూ పాడుతోంది. అందులో ఒకటి, ఊళ్లో పెళ్లిళ్లకు మీ తాత తన మైకుసెట్టు మీద వేసే పాట. ఆయన దగ్గరున్న ఆ పాట రికార్డుకు గీత పడింది. రెండో చరణంలో ఒకే మాట తిరుగుతూ ఉండేది, ఆయన వచ్చి ముల్లు జరిపేదాకా.

ఫోన్లో పాట ఎక్కడా ఆగకుండా సాగిపోయింది. ఆమె మాత్రం ఆ మాట మూడుసార్లు పాడింది. నేనూ అంతే పాడాను. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం.

"మా పెండ్లిల గట్లనే ఆగింది అక్కా! మైకుసెట్టాయన బువ్వకాడ కూసున్నడు. ఎంగిలి చెయ్యితోనే ఉరికొచ్చిండు," అని నవ్వింది.

"గాయన మా ఇంటాయనే," అన్నాను.

"అవునా! మంచిగున్నడా?"

"లేడు చెల్లె."

ఆమె గబుక్కున పాట ఆపబోయింది.

"ఉండనియ్యి," అన్నాను.